మిరపకాయల తర్వాత ఆడించిన నాచు

బెంగళూరు చేపలకు సముద్రం రుచి చూపించిన మొదటి మనిషిని నేనే. ఈ మాట పెళ్లి పందిళ్లలో చెప్పాను, బస్సులో పక్కసీటు వాళ్లకు చెప్పాను, పన్ను పీకించుకునేటప్పుడు డాక్టరుకు కూడా చెప్పబోయాను. నోట్లో దూది ఉండబట్టి ఆయన తప్పించుకున్నాడు. సముద్రం ఎటు చూసినా ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్లో, కళ్లు తప్ప ఇంకేమీ కనిపించనంత చిన్న చేపపిల్లలకు సముద్రపు నాచు తినిపించి, లక్ష ప్రాణాలను రోగాల నోట్లోంచి బయటికి లాగానని చెప్పుకునేవాణ్ణి.

రాసేటప్పుడు కొంచెం తగ్గించాలి. లక్ష కాదు. ఎంతో నాకు తెలియదు. చేపపిల్లల్ని టీ వడపోసే జల్లెడలాంటి గిన్నెతో కొలిచి ఇస్తారు తప్ప ఎవరూ లెక్కపెట్టరు. మొదటి మనిషినీ కాదు. ఆలోచన నాది కాదు, నాచు నాది కాదు, చేపలు అసలే నావి కావు. నాది పిండిమర. ఆ మరలోంచి రెండేళ్లు నాచుపొడి వచ్చింది. మొదటి ఏడు సంగతి ఊరందరికీ చెప్పాను. రెండో ఏడు సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

మా మర బెంగళూరు అంచున హూడిలో ఉండేది. తొంభైల్లో హూడి ఇంకా ఊరే. రాగి చేలు, గేదెలు, సాయంత్రం రైలు దిగి నడిచొచ్చే ఫ్యాక్టరీ వాళ్లు. అద్దాల మేడలు అప్పటికి పక్క ఊరిదాకా వచ్చి మా వైపు చూస్తున్నాయి. తాతల తాతలనాడే ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, గిరాకీలతో కన్నడం, మోటారు మొండికేస్తే రెండూ.

ఉన్నది ఒకే మర. రాగులు, బియ్యం, గోధుమలు, మిరపకాయలు అన్నీ దాంట్లోనే ఆడించాలి. అందుకని మా నాయన ఒక కట్టుబాటు పెట్టాడు. మిరపకాయలు మంగళవారం మాత్రమే. ఆ సాయంత్రం మర నోరు కడగాలి. నీళ్లతో కాదు, మా సొంత రాగులు ఒక సేరు పోసి ఆడించి, వచ్చిన పిండిని పారబోయాలి. తర్వాత గుప్పెడు బియ్యం పోసి, ఆ పిండి నాలుక మీద వేసుకుని చూడాలి. నాలుక చురుక్కుమంటే మళ్లీ ఒక సేరు రాగులు.

"పసిబిడ్డ తాగే రాగి జావలో కారం పోయిందంటే, ఆ తల్లి ఉసురు ఈ మర తిరిగినన్నాళ్లూ తిరుగుతాది," అనేవాడు నాయన. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ పరీక్ష ఆయన నాలుకే చేసింది. తర్వాత నా నాలుకకు వచ్చింది. నా నాలుకకు మా ఇంట్లో అప్పగించిన ఒకే ఒక గౌరవమైన పని అది.

మర వెనక ఇంట్లో ఒక మేష్టారు అద్దెకు దిగారు. కోస్తా వైపు మనిషి. చేపల పెంపకం గురించి కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రాగులు ఆడించుకోవడానికి వచ్చి స్టూలు మీద కూర్చుంటే, పిండి చల్లారేదాకా చేపల కబుర్లే. ఒకరోజు గోనెసంచిలోంచి ఎండు తుక్కు తీసి నా చేతిలో పెట్టారు. గోధుమ రంగులో, ముడుచుకుపోయిన తోలుముక్కల్లా ఉంది. వాసన చూసి తల వెనక్కి లాక్కున్నాను.

"సముద్రపు నాచండీ. రామనాథపురం వైపు నుంచి మా శిష్యుడు పంపించాడు. మీ మరలో మెత్తగా ఆడించి పెట్టాలి."

"ఎవరు తింటారు మేష్టారూ దీన్ని?"

"చేపపిల్లలండీ. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో వాటి ఒంట్లో కాపలా ఏమీ ఉండదు. నీళ్లలో ఉన్న మురికంతా ముందు కడుపులోకే పోతుంది. ఈ నాచులో జిగురుంటుంది చూశారూ, అది మేతలో కాస్త కలిస్తే కడుపు నిలబడుతుంది, ఒంట్లో కాపలావాడు కొంచెం తొందరగా నిద్రలేస్తాడు. పుస్తకాల్లో అలా ఉంది. మన నీళ్లలో, మన చేపల మీద చూడాలి కదా."

"అంటే మందా?"

"మందు కాదండీ. జబ్బొచ్చాక వేసేది మందు. ఇది ఉగ్గు."

చూడడానికి చేపలు చెరువుకట్ట కింద ఉన్నాయి. అక్కడ ఒక ఆసామికి రెండు సిమెంటు తొట్లు, పక్కనే ఒక రేకుల షెడ్డు ఉండేవి. వాటిని చూసుకునేది ఒక ఆడమనిషి. కదిరి వైపు నుంచి మొగుడితో కలిసి బిల్డింగు పనికి వచ్చింది. మొగుడు సెంట్రింగు పని మీద ఇంకో ఊరు పోయి అక్కడ ఇంకో సంసారం పెట్టాడు. ఈమె షెడ్డులో మిగిలిపోయింది. ఎండాకాలంలో గోరంత బంగారుతీగ చేపపిల్లల్ని తెచ్చి తొట్లలో వేస్తారు. వానలు పడి చెరువులు నిండే వేళకు వాటిని వేలెడంత చేసి, చెరువులు గుత్తకు పట్టినవాళ్లకు అప్పగించాలి. ఆసామి ఆమెతో ఒకటే మాట చెప్పాడట: "పిల్లలు బతికినంత కాలం తొట్లు నీవి, షెడ్డు నీది. ఒక్క ఏడు అన్నీ పోయినాయంటే తొట్లు పూడ్చేసి సిమెంటు గోడౌనుకు ఇచ్చేస్తా." ఆమెకు తల దాచుకోవడానికి ఇంకో చోటు లేదు. అంతకు ముందు ఏడు తోకలు కుళ్లి సగానికి సగం పిల్లలు పోయాయి. సగం మిగిలాయి కాబట్టి ఆమె కూడా మిగిలింది.

మేష్టారు నాచు సంగతి చెప్తే ఆమె నవ్వింది.

"గడ్డి పెడితే చేపలు బతుకుతాయా సారూ? మా ఊర్లో గడ్డి పెట్టినా ఎనుములు బతకలా."

"ఒక తొట్టిలోనే వేద్దామమ్మా. రెండో తొట్టిలో నీ పాత మేతే వెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే కదా తెలిసేది."

నాచును ముందు నాలుగైదు నీళ్లలో కడగాలి, ఉప్పు పోయేదాకా. ఉప్పు పోయిందో లేదో చూడడానికి మళ్లీ నా నాలుకే. తర్వాత నీడన ఆరబెట్టాలి. మర వెనక పెరట్లో నాచు ఆరుతున్నన్ని రోజులూ నా భార్య ముక్కుకు కొంగు కట్టుకుని తిరిగింది.

"చేపముక్క వండని ఇంట్లో ఈ కంపేందప్పా! మీరూ ఆ మేష్టారూ పోయి ఆ తొట్లలోనే కాపురం పెట్టండి, నేను చేపలకి మాదిరి పళ్లెంలో కూడు పెట్టి దించుతా."

గిరాకీలకూ కోపమొచ్చింది. ముద్దలో సముద్రం వాసనొస్తోందని ఒకావిడ రాగిపిండి డబ్బా తెచ్చి బల్ల మీద కొట్టింది. దాంతో నాచును కూడా మంగళవారానికే తోశాను. వరస ఇది: పొద్దున్నే నాచు, తర్వాత మిరపకాయలు, సాయంత్రం మర నోరు కడగడం. నాచు ముందు, మిరప తర్వాత. నేను పెట్టిన కట్టుబాటు జీవితంలో ఇదొక్కటే.

ఆమె వేరుశనగ చెక్క, తవుడు కలిపి, పిడికెడు మేతకు చిటికెడు నాచుపొడి చేర్చి, తడిపి ఉండ చేసి, పళ్లెంలో పెట్టి తాడుతో నీళ్లలోకి దించేది. సాయంత్రం పళ్లెం పైకి లాగి ఎంత మిగిలిందో చూసేది. నేను మర కట్టేసి రోజూ పోయేవాణ్ణి. అక్కడ నాకు పనేమీ లేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడితే దారినపోయేవాళ్లు నన్నే ఆసామి అనుకుంటారని ఒక ఆశ.

నీళ్ల గురించి మేష్టారిది వేరే కట్టుబాటు. తొట్లకు బోరునీళ్లే వాడాలి. చెరువు తూము నుంచి ఒక పైపు ఉండేది గాని, దాని నోటికి గుడ్డ చుట్టి గట్టిగా కట్టేయించారు. "తప్పనిసరై చెరువు నీళ్లు వాడాల్సొస్తే ముందు బకెట్లో పట్టి, పది పిల్లల్ని వేసి చూడాలమ్మా. మర్నాటిదాకా అవి ఆడుకుంటే అప్పుడు తొట్లోకి వదలాలి. ఎంత మంచిగా కనిపించినా సరే," అని ఆమెకు వెళ్లినప్పుడల్లా చెప్పేవారు.

నెలన్నర గడిచేసరికి నాచు తొట్టిలో పిల్లలు చేయి పెడితే చాలు చెదిరిపోయేవి. తోకలు శుభ్రంగా ఉన్నాయి. రెండో తొట్టిలో కొన్నిటికి తోక అంచులు తెల్లబడ్డాయి, కొన్ని పోయాయి. నేను ఎగిరి గంతేశాను.

"తొందరపడకండీ," అన్నారు మేష్టారు. "నాచు తొట్టి మీద మధ్యాహ్నం చెట్టునీడ పడుతుంది, రెండోదాని మీద పడదు. అది కూడా కారణం కావచ్చు. వచ్చే ఏడు తొట్లు మార్చి చూద్దాం. అప్పుడు కూడా ఇలాగే ఉంటే, అప్పుడు ఒక మాట అనుకుందాం."

ఆయన అనుకోవడానికి ఒక ఏడు ఆగమన్నారు. నేను ఆ సాయంత్రమే చెప్పడం మొదలుపెట్టాను.

ఆమె మాత్రం, "ఏమైతే ఏముందప్పా, ఈ ఏడు షెడ్డు నాదే," అని, పెయింటు డ్రమ్ములో పెంచుకుంటున్న కరివేపాకు మొక్క నుంచి రెండు రెమ్మలు తుంచి నా చేతిలో పెట్టింది. మొక్క బక్కగా ఉంది. రెండు రెమ్మలు పోయేసరికి బోసిపోయింది.

మేష్టారు వచ్చే ఏడు చూడలేదు. మోకాళ్లు పట్టేసి తమ్ముడి దగ్గరికి, తమ ఊరికి వెళ్లిపోయారు. వెళ్తూ ఇంకో సంచి నాచు మాకు వదిలారు. ఈసారి చెట్టునీడ పడే తొట్టి కాకుండా రెండోదానికి మాత్రమే పొడి వేయాలని ఆమెకూ నాకూ మూడుసార్లు చెప్పారు.

రెండో ఏడు ఎండాకాలం చివర, ఒక మంగళవారం. పొద్దున్నే కరెంటు పోయింది. నాచు ఆడించలేదు. కరెంటు వచ్చేసరికి మిరపకాయల సంచులు వాకిలి దాటి రోడ్డు మీదికి వచ్చాయి. సరే, ముందు మిరపకాయలు కానిచ్చేసి, మర నోరు కడిగి, తర్వాత నాచు వేద్దామనుకున్నాను. మధ్యాహ్నం ఆమె పొడి కోసం వస్తానంది. పాత పొడి అయిపోయిందట.

చివరి గిరాకీ మెడలో కార్డు వేలాడేసుకున్న ఒక సాఫ్ట్‌వేర్ ఆయన. వాళ్లమ్మ సాంబారు పొడికి మిరపకాయలు, ధనియాలు వేయించి పంపింది. ఆయన ఏదో అడిగాడు, నేను మాటను చేపల దగ్గరికి తీసుకుపోయాను. నాకది రెండు నిమిషాల పని.

"సూపర్ సార్! లక్ష ఫిషెస్సా? పేటెంట్ అప్లై చేశారా?"

నాకు ఆ మాట అర్థం తెలుసు. తెలియనట్టు నవ్వాను. తెలియనట్టు నవ్వితే ఇంకా గొప్పగా ఉంటుంది.

"ప్రాసెస్ ఒకసారి చూడొచ్చా సార్?"

మర వేడి మీదుంది. గరాటు అంచుల వెంట ఎర్రదుమ్ము అట్టకట్టి ఉంది. రాగుల డబ్బా నా మోకాలి పక్కనే ఉంది. ఆయన చూస్తున్నాడు. నేను మాట మధ్యలో ఉన్నాను. ఇప్పుడు ఆపి, రాగులు పోసి, బియ్యం పోసి, నాలుక చాపితే కథ చల్లారిపోతుంది. నాచు సంచి ఎత్తి గరాటులో పోసేశాను.

ఈ సంగతి నా భార్యకు మొదటిసారి చెప్పినప్పుడు ఇక్కడ "మరిచిపోయినా" అన్నాను. మరిచిపోలేదు. మర నోటికి కట్టిన గుడ్డగొట్టంలోంచి మొదట వచ్చిన రెండు దోసిళ్ల పొడిలో ఎర్రజీరలు స్పష్టంగా కనిపించాయి. తుమ్మాను. కారం రోజు మరలో ఎవరు తుమ్మరు అనుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఆయన కూడా తుమ్మి, "స్ట్రాంగ్ సార్!" అని వెళ్లిపోయాడు. అప్పుడైనా ఆ రెండు దోసిళ్లు తీసి పారేయొచ్చు. తీయలేదు. రంగు కనిపించకుండా కిందికీ పైకీ కలిపేశాను. నాలుక మీద మాత్రం వేసుకోలేదు. వేసుకుంటే తెలిసిపోయేది.

మధ్యాహ్నం ఆమె వచ్చింది.

"ఏందప్పా, కండ్లు అంత ఎర్రగుండాయి?"

"పొగ."

"మరలో పొగేమిటికి వస్తాది?"

"నీకి పొడి కావాల్నా, నా కండ్లు కావాల్నా?" అని మూట చేతికిచ్చాను. ఆమె నవ్వుకుంటూ నెత్తిన పెట్టుకుని పోయింది. కట్ట మలుపు దాకా ఆ మూట కనిపిస్తూనే ఉంది.

తొట్లు మా మరకు ఒక టీ తాగేంత దూరం. పోయి "ఆ మూట ఇటియ్యమ్మా, పొరపాటు జరిగింది" అంటే సరిపోయేది. బుధవారం పోదామనుకున్నాను. గురువారం, తొట్టెడు నీళ్లలో చిటికెడు పొడి, ఆ చిటికెడులో కారం ఎంతని నన్ను నేను ఓదార్చుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఏటి మొదటి పెద్దవాన కురిసింది. మర ముందు కాలవ పొంగింది. వానలో ఎలా పోతానని మరలోనే కూర్చున్నాను. శనివారం తెల్లవారగానే, ఎందుకో ఇక ఉండబట్టక పోయాను.

రెండు తొట్లూ తెల్లగా ఉన్నాయి.

దూరం నుంచి బియ్యం కడిగిన నీళ్లు పోశారేమో అనిపించింది. దగ్గరికి పోతే ఒక్కొక్క గింజకూ ఒక కన్ను ఉంది. మూలల్లో ఇంకా బతికినవి కొన్ని పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఆవగింజంత నోళ్లు. కారం తిన్న పసిబిడ్డ నోరు అలాగే తెరుస్తుంది, ఏడుపు బయటికి రాకముందు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని పాత చీరముక్కతో వాటిని దేవి బకెట్లో పోస్తోంది. బకెట్ నిండుతోంది. పైపు నోటి దగ్గర పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, రెండు కనకాంబరాలు ఉంచి ఉన్నాయి. పాపం, నా పొడి పని చూసి గంగమ్మకు మొక్కుకున్నట్టుంది అనుకున్నాను.

ఆమె తలెత్తి చూసింది. ఏదో ఒకటి అనాలి.

"ఎండకి..." అన్నాను.

నిన్న మధ్యాహ్నం నుంచీ వాన. నా చెప్పులకు ఇంకా బురదుంది.

"ఎండా?" అంది ఆమె. అంతే. మళ్లీ తల దించుకుని చీరముక్క నీళ్లలో ముంచింది. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. మరి ఆ దారిన పోలేదు.

ఆసామి మాట నిలబెట్టుకున్నాడు. నెల తిరక్కముందే తొట్లలో మట్టి పోశారు. షెడ్డులో సిమెంటు బస్తాలు పెట్టారు. ఆమె సామాను, ఆ కరివేపాకు డ్రమ్ముతో సహా, ఒక టెంపోలో వేసుకుని పోయిందని గిరాకీలు చెప్తుంటే, నేను తక్కెడ వైపు చూస్తూ విన్నాను.

అప్పటి నుంచి మా ఇంట్లో బియ్యం కడిగేటప్పుడు నేను ఉండలేకపోయాను. నీళ్లు పోయగానే తేలికగింజలు పైకి లేచి గిన్నె అంచు చుట్టూ తిరుగుతాయి కదా, వాటికి కళ్లు వచ్చేవి. మరలో గుడ్డగొట్టం గాలికి ఉబ్బి, ముడుచుకుని, మళ్లీ ఉబ్బుతుంటే నోరు తెరిచి మూసినట్టే ఉండేది. మంగళవారం మిరపకాయలు ఆడించడం మానేశాను. గిరాకీలు తిట్టుకుంటూ పక్క ఊరు పోయారు. కారం లేని మరలో కూడా తుమ్ములొచ్చేవి. ముసురు పట్టినప్పుడు గరాటులో సముద్రం వాసన వేసేది. నాచు ముట్టుకుని అప్పటికి ఏళ్లు గడిచాయి. నేనే లేచి వాసన చూసేవాణ్ణి. రాగిపిండి వాసనే. కూర్చుంటే మళ్లీ సముద్రం.

విచిత్రం ఏమిటంటే, మొదటి ఏడు కథ అప్పటి నుంచే ఎక్కువ చెప్పాను. లక్ష అన్న మాట ఆ రోజుల్లోనే గట్టిపడింది. నేను లక్ష ప్రాణాలు అంటుంటే, వినేవాడి భుజం వెనక ఆమె చీరముక్క పట్టుకుని నిలబడి, "ఎండా?" అన్నట్టు ఉండేది. దాంతో గొంతు ఇంకొంచెం పెంచేవాణ్ణి.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మర పోయింది. అప్పటికి ప్యాకెట్ పిండి వచ్చేసింది, ఎవరూ బాధపడలేదు. ఇంట్లో ఊరికే కూర్చున్న మొగుడు బియ్యం గిన్నె కనబడగానే వీధిలోకి ఎందుకు పోతున్నాడో నా భార్య ఎన్నాళ్లని చూస్తుంది? ఒక పొద్దున గిన్నె పట్టుకుని వాకిలికి అడ్డంగా నిలబడింది. మొత్తం చెప్పాను. మొదట మరిచిపోయినా అన్నాను. ఆమె కదల్లేదు. అప్పుడు ఎర్రజీరల సంగతి కూడా చెప్పాను.

"నాకి చెప్తే ఏమొస్తాది? నేనేమన్నా చేపనా?" అంది. "పోయి ఆమెకి చెప్పండి."

పాత గిరాకీలను అడిగితే హెబ్బగోడిలో ఉందని తెలిసింది. ఏదో ఫ్యాక్టరీలో ప్యాకింగు పనట. ఒక ఆదివారం పొద్దున రెండు బస్సులు మారి పోయాను. వరసగా ఎనిమిది గదులు, మధ్యలో వాకిలి, ఒకటే కొళాయి ఉన్న వఠారం. ఆ వాకిట్లో, పాత పెయింటు డ్రమ్ములో, మనిషిని మించిన ఎత్తున నల్లటి ఆకులతో ఒక కరివేపాకు చెట్టు. దాని నీడలో కూర్చుని ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"మరప్పా! బతికే ఉండావా?"

"ఉండా తల్లీ."

స్టూలు వేసింది, నీళ్లిచ్చింది. చేట పక్కన పెట్టలేదు. చేటలో బియ్యం ఎగురుతుంటే నేను గోడ వైపు చూస్తూ మాట్లాడాను. మంగళవారం, కరెంటు, సాఫ్ట్‌వేర్ ఆయన, నాచు, అన్నీ చెప్పాను. పొరపాటున కారం కలిసిందని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "పొరపాటు కాదమ్మా, చూసే ఇచ్చినా. నీ చేపల్ని చంపింది నా పొడే. నీ గూడు పోగొట్టింది నేనే," అన్నాను. ఇన్నేళ్లు మోసింది దింపాను కదా, ఏడుస్తుందో, తిడుతుందో, రెంటికీ సిద్ధపడి కూర్చున్నాను.

చేట ఆగింది.

"ఏ పొడి?"

"ఆ మంగళవారం ఇచ్చిన మూట."

"ఓ, అదా!" అంది. "మూట విప్పంగానే తుమ్ములొచ్చినాయి. చెయ్యి పెడితే మండింది. కారం కలిసిందని అప్పుడే తెలిసిపాయె నాకి. అట్లాంటిది చేపలకెట్ల ఏస్తానప్పా? ఈ చెట్టు మొదట్లో కుమ్మరించినా. సూడు ఎట్లుండాదో."

చెట్టు వైపు చూశాను.

"తెలిసీ నాకి ఏమిటికి చెప్పలేదు?"

"ఊరంతా చెప్పుకుంటా ఉంటివి కదా. బేజారు పడతావని సుమ్నే నోరు మూసుకుని ఉండిపోయినా. అయినా నువ్వు చేపలు చూసింటివి కదా ఆ పొద్దు. రెండు తొట్లూ పాయె. నీ పొడి ఏసేది ఒక తొట్టికే. అంత మాత్రం తోచలేదా నీకి?"

తోచలేదు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు.

"మరి చేపలు?" అన్నాను.

ఆమె చేట కింద పెట్టింది.

"మా ఊర్లో చెరువుకి నీళ్లొచ్చేది ఎన్నో ఏండ్లకొకసారి. వస్తే ఊరంతా పోయి పసుపూ కుంకుమా పెట్టి దండం పెడతారు. కొత్తనీళ్లు గంగమ్మ. ఆ వానకి చెరువులోకి ఎర్రగా నురగలు కక్కుతా వచ్చినాయప్పా, కడుపు నిండిపాయె నాకి. సారు చెప్పింది గుర్తుండాది. బకెట్లో పట్టి, పది పిల్లల్ని ఏసి చూడాలని. గంగమ్మని ఎవురైనా పరీక్ష చేస్తారా? పైపుకున్న గుడ్డ నా చేత్తోనే ఊడదీసినా. బొట్టు పెట్టి రెండు తొట్లకీ ఇడిసినా. పైన బిల్డింగులోళ్ల మురికంతా కొట్టుకొచ్చి దాంట్లోనే కలిసిందని తెల్లారినాక తెలిసె."

పసుపు పూసిన పైపు నా కళ్ల ముందుకు వచ్చింది. దాని నోటికి గుడ్డ లేదు. ఆ రోజూ లేదు.

"అట్ల కాదమ్మా," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. "నా పొడి కూడా ఎంతో కొంత..."

"ఎంతో లేదు, కొంతా లేదు!" గొంతు పెరిగింది. పక్కగదిలోంచి ఎవరో తొంగిచూశారు. "ఒక్క చిటికె గూడా వాటి నోట్లో పడలేదని చెప్తా ఉండా కదా. బతికిస్తే నువ్వే, చంపితే నువ్వే, అన్నిట్లోకీ నువ్వే దూరాలప్పా నీకి! ఆ చావులో నువ్వు లేవు. నేనుండా. ఆ పొద్దు వచ్చి 'ఏమైందమ్మా' అని ఒక్క మాట అడిగింటే నీకే చెప్పుకుని ఏడ్చిందును. నువ్వు అడగలా. ఎండ అంటివి, పోతివి."